‘నేను చూసుకుంటాలే’ అనే ఓనర్ల కోసం

చిన్న వ్యాపారం నడిపేవాళ్ల దగ్గర వర్కర్స్ కాంపెన్సేషన్ పాలసీ (పనిలో దెబ్బ తగిలినవాళ్లకు యజమాని ఇవ్వాల్సిన పరిహారాన్ని భరించే బీమా) మాట ఎత్తితే ఎక్కువగా వచ్చే జవాబు ఒకటే. “ఉండేది నలుగురే కదండీ, అందరూ మనవాళ్లే, ఏదైనా అయితే నేను చూసుకుంటాలే.” ఈ మాట అనేవాళ్లు పిసినారులు కారు. నిజంగానే చూసుకోవాలనుకుంటారు. పనివాడి ఇంట్లో పెళ్లికి డబ్బు సర్దినవాళ్లు, పిల్లల ఫీజులు కట్టినవాళ్లు కూడా ఇదే అంటారు. నేను చిన్న సంస్థల జీతాల లెక్కలు, ఖాతాలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి ఆ మాట వెనక ఉన్న మంచితనమూ తెలుసు, ఆ ఓనర్ కరెంటు అకౌంట్లో నెలాఖరున మిగిలేది ఎంతో కూడా తెలుసు. ఆ రెండోది తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

వేలికి నాలుగు కుట్లు పడితే ఎవరైనా చూసుకుంటారు. దానికి పాలసీ కూడా అక్కర్లేదు. కానీ నిచ్చెన మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బతింటే? ఆపరేషన్, ఆ తర్వాత ఫిజియోథెరపీ, మనిషి మంచంలో ఉన్నన్నాళ్లూ ఇంటికి జీతం, ఆ తర్వాత కూడా పాత పని చేయలేకపోతే జీవితాంతం తగ్గిపోయిన సంపాదనకు పరిహారం. ఇవన్నీ కడుతూనే అతని పనికి ఇంకొకరిని పెట్టుకుని వాళ్లకూ జీతం ఇవ్వాలి. పెద్ద కంపెనీకి ఇది ఏడాది లెక్కల్లో ఒక లైను. నలుగురితో నడిచే చోట మాత్రం ఒక్క ప్రమాదానికి వ్యాపారం మూతపడుతుంది, అది మూతపడ్డాక “చూసుకునే” మనిషి దగ్గర కూడా ఏమీ ఉండదు. అంటే ఆ మాట నిలబెట్టుకోలేని పరిస్థితి సరిగ్గా ఆ మాట అవసరమైన రోజునే వస్తుంది.

ఇంకొకటి. మీరు చేసేది మీ దృష్టిలో సాయం కావచ్చు, చట్టం దృష్టిలో అది బాధ్యత. సాయం ఎంత చేయాలో మీరు నిర్ణయిస్తారు, బాధ్యత ఎంతో ఇంకొకరు లెక్కగడతారు. ఆసుపత్రి బిల్లు మొత్తం మీరే కట్టి, పైన చేతిలో కొంత పెట్టి పంపినా, తర్వాత అతనో అతని కుటుంబమో పరిహారం కోసం వెళితే, మీరు ఇచ్చిందంతా అందులోంచి మినహాయిస్తారని ధీమాగా ఉండకండి. అది ఏ దేశం, ఏ చట్టం, ఏ కాగితం మీద ఇచ్చారు అనేదాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల బయట కుదుర్చుకున్న రాజీకి రిజిస్ట్రేషన్ లేకపోతే విలువే ఉండదు.

అసలు ఈ ఇన్సూరెన్స్ ఎందుకు పుట్టిందో తెలిస్తే దీని మీద విసుగు కొంచెం తగ్గుతుంది. మొదట్లో చెప్పుకునే కేసు ఒక చిన్న వ్యాపారిదే కావడం నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. ఇంగ్లండులో ఫౌలర్ అనే మాంసం వ్యాపారి, అతని దగ్గర పనిచేసే ప్రీస్ట్‌లీ అనే కుర్రాడు. సరుకు ఎక్కువగా ఎక్కించిన బండి మీద వెళుతుంటే అది విరిగి, కుర్రాడి తొడ ఎముక విరిగింది. యజమాని మీద దావా వేస్తే జ్యూరీ 100 పౌండ్లు ఇప్పించింది. 1837లో పైకోర్టు దాన్ని కొట్టేసింది. బండి బరువెక్కిందని యజమానికంటే నీకే బాగా తెలుసు కదా, ఎక్కనని చెప్పొచ్చు కదా అన్నది ఆ తీర్పులోని వాదన. పని పోగొట్టుకునే ధైర్యం ఎవరికి ఉంటుందన్న సంగతి ఆ న్యాయమూర్తులకు తట్టినట్టు లేదు.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు యజమానుల చేతిలో మూడు ఆయుధాలు ఉండేవి: తప్పులో నీ పాలు కూడా ఉంది, తప్పు నాది కాదు నీ తోటి పనివాడిది, ఈ పనిలో ప్రమాదం ఉందని తెలిసే నువ్వు చేరావు. ఈ మూడింటిలో ఏదో ఒకటి దాదాపు ప్రతి కేసులోనూ సరిపోయేది. పనివాడికి చాలాసార్లు ఏమీ దక్కేది కాదు. అలాగని యజమానికీ నిశ్చింత లేదు, ఎందుకంటే ఎప్పుడో ఒకసారి కోర్టు పనివాడి వైపు మొగ్గితే ఆ మొత్తం ఎంతకు పోతుందో ఎవరికీ అంతుబట్టేది కాదు.

ఈ చిక్కుముడిని మొదట విప్పింది బిస్మార్క్ కాలపు జర్మనీ. 1884లో ప్రమాద బీమా చట్టం తెచ్చారు. ఒక్కో రకం పరిశ్రమ యజమానులంతా కలిసి ఒక సంఘంగా ఏర్పడి చందాలు కట్టాలి, దెబ్బ తగిలినవాడికి అందులోంచి ఇవ్వాలి, తప్పు ఎవరిదని అడగకూడదు. బ్రిటన్ 1897లో, భారతదేశం 1923లో తమ తమ చట్టాలు తెచ్చుకున్నాయి. అమెరికాలో కథ కొంచెం నాటకీయంగా నడిచింది. న్యూయార్క్ రాష్ట్రం 1910లో చేసిన చట్టాన్ని, తప్పు చేయని యజమాని ఆస్తిని లాక్కోవడమే ఇదని 1911 మార్చి 24న ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు కొట్టేసింది. మరుసటి రోజే న్యూయార్క్ నగరంలో ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. రాష్ట్రం తన రాజ్యాంగాన్నే సవరించుకుని కొత్త చట్టం తెచ్చింది, 1917లో అమెరికా సుప్రీంకోర్టు కూడా దాన్ని సరేనంది.

ఇన్ని దేశాల్లో ఇన్ని రకాలుగా ఉన్నా చాలాచోట్ల లోపలి ఒప్పందం మాత్రం ఇదే: తప్పెవరిదని అడగకుండా యజమాని ఇస్తాడు, దానికి బదులుగా పనివాడు పూర్తి నష్టం కోసం కోర్టుకు లాగే హక్కును చాలావరకు వదులుకుంటాడు. వైద్యం ఖర్చు వస్తుంది, జీతంలో కొంత భాగం వస్తుంది, మనసు పడిన క్షోభకు మాత్రం సాధారణంగా రాదు. ఇద్దరూ కొంత వదులుకున్నారు. ఇది యజమాని మీద రుద్దిన భారం అని గొణుక్కునేవాళ్లు ఆ రెండో సగాన్ని మరిచిపోతారు. పైగా ఆ రక్షణ చాలాచోట్ల పాలసీ ఉన్నవాళ్లకే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో, తీసుకోవాల్సిన పాలసీ తీసుకోని యజమాని మీద పనివాడు నేరుగా దావా వేయొచ్చు, అప్పుడు పైన చెప్పిన ఆ మూడు పాత వాదనలూ వాడుకోవడానికి వీల్లేదు. జరిమానా విషయానికొస్తే, బ్రిటన్‌లో సరైన యజమాని బాధ్యత బీమా లేకుండా నడిపిన ప్రతి రోజుకీ 2,500 పౌండ్ల వరకు వేయొచ్చు. ప్రతి రోజుకీ!

తప్పెవరిదని అడగరు అంటే దేనికైనా ఇస్తారని కాదు. తాగి ఉండటం, కావాలని రక్షణ పరికరం తీసి పక్కన పడేయడం లాంటివి చాలా చట్టాల్లో మినహాయింపులు. కానీ వాటి మీద ఆశ పెట్టుకోకండి. భారతీయ చట్టంలో చూడండి, మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనా ఆ మినహాయింపులు వర్తించవు. “హెల్మెట్ పెట్టుకోమని వందసార్లు చెప్పాను సార్, వినలేదు” అనే మాట మీ బాధను చెబుతుంది, బాధ్యతను తీసేయదు.

ఎంత ఇవ్వాలన్నది ఒక్కో దేశం ఒక్కోలా లెక్కేస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తాత్కాలికంగా పనికి రాలేని వాళ్లకు సగటు వారపు జీతంలో మూడింట రెండు వంతులు, ఒక పరిమితికి లోబడి. భారతదేశంలో 1923 చట్టం నుంచి ఇప్పటి సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చిన సూత్రం వేరు. మరణమైతే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉన్న ఒక గుణకంతో హెచ్చవేస్తారు. 30 ఏళ్ల మనిషికి ఆ గుణకం 207.98. అంటే దాదాపు 104 నెలల జీతం, ఎనిమిదిన్నర ఏళ్ల పైమాటే. లెక్కలోకి తీసుకునే జీతానికి పరిమితి ఉంటుంది, అయినా సరే ఒకసారి మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లలో ఒకరి జీతాన్ని 104తో హెచ్చవేసి చూడండి. “చూసుకుంటాలే” అన్నది ఆ అంకె గురించేనా?

ఇక ప్రీమియం. చాలామందికి ఇది ఏదో ఏజెంట్ నోటికొచ్చిన అంకె అనిపిస్తుంది కానీ ప్రాథమికంగా రెండే విషయాల మీద నడుస్తుంది: మీరు ఇచ్చే మొత్తం జీతాలు, ఆ జీతం తీసుకునేవాళ్లు చేసే పనిలో ఉన్న ప్రమాదం. అమెరికాలో అయితే ప్రతి 100 డాలర్ల జీతానికి ఇంత అని రేటు, ఒక్కో రకం పనికి ఒక్కో కోడ్. కుర్చీలో కూర్చుని బిల్లులు రాసే మనిషికీ కప్పు ఎక్కి రేకులు బిగించే మనిషికీ రేటులో ఏనుగుకీ ఎలుకకీ ఉన్నంత తేడా. అందుకే తప్పు కోడ్ పడిందంటే రెండు వైపులా ప్రమాదమే. ఆఫీసు పని చేసే అమ్మాయిని కూడా వర్క్‌షాపు లెక్కలో వేస్తే ఏళ్ల తరబడి ఎక్కువ కడుతూనే ఉంటారు, ఎవరూ వచ్చి చెప్పరు. తెలివిగా అందరినీ ‘ఆఫీసు స్టాఫ్’ అని రాయిస్తే ప్రీమియం తగ్గుతుంది, కానీ మెషిన్‌లో చెయ్యి పడిన ‘ఆఫీసు స్టాఫ్’ గురించి కంపెనీ మనిషి వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

నాకు అన్నింటికంటే కోపం తెప్పించేది జీతాలు తగ్గించి చూపించడం. పుస్తకంలో ముగ్గురు, షాపులో ఏడుగురు. కాగితం మీద ఒక జీతం, చేతికి ఇంకొకటి. ప్రీమియం మొదట మీరు చెప్పిన అంచనా మీదే వేస్తారు, సంవత్సరం చివర చాలా కంపెనీలు జీతాల రిజిస్టర్, బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగి సరిచూసుకుంటాయి, తేడా ఉంటే మిగతాది కట్టమంటాయి. అది కాదు అసలు సమస్య. ప్రమాదం జరిగింది ఆ నలుగురిలో ఒకరికైతే? రిజిస్టర్‌లో పేరు లేని మనిషికి మీ మీద హక్కు ఉంటుంది, ఎందుకంటే అతను మీ దగ్గర పని చేశాడన్నది సాక్ష్యంతో తేలుతుంది. అతని తరఫున పాలసీ నుంచి మీకు డబ్బు వస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఇక్కడ కొందరు చేసేది ఇంకా దారుణం, ప్రమాదం జరిగాక రాత్రికి రాత్రి పాత తేదీతో పేరు ఎక్కించడం. అది మోసం కిందికి వస్తుంది, అప్పటిదాకా ఇన్సూరెన్స్ తగాదాగా ఉన్నది క్రిమినల్ కేసుగా మారుతుంది. ఖాతాలు రాసేవాళ్లను కూడా ఇందులోకి లాగుతారు, “ఒక్క లైనే కదా, మధ్యలో ఇరికించు” అని. నేనైతే ఆ క్షణమే లేచి వచ్చేస్తాను.

కాంట్రాక్టర్ సంగతి కూడా ఇలాంటిదే. “వాళ్లు మా మనుషులు కాదండీ, మేస్త్రీ తీసుకొచ్చిన మనుషులు” అని తేలిగ్గా అనేస్తారు. మీ వ్యాపారంలో మామూలుగా జరిగే పనిలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు ఇచ్చి, ఆ కాంట్రాక్టర్ మనిషికి దెబ్బ తగిలితే, భారతీయ చట్టం ప్రకారం అతను మిమ్మల్నే నేరుగా అడగొచ్చు. మీరు ఇచ్చి, ఆ తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలి. అమెరికాలో కూడా చాలా రాష్ట్రాల్లో సబ్ కాంట్రాక్టర్‌కు పాలసీ లేకపోతే బరువు పైవాడి మీదికే వస్తుంది, సంవత్సరం చివరి ఆడిట్‌లో అతనికి ఇచ్చిన డబ్బును మీ జీతాల్లో కలిపి ప్రీమియం వేస్తారు కూడా. కాబట్టి పని మొదలుపెట్టే ముందే అతని పాలసీ సర్టిఫికెట్ అడగండి, తేదీలు చూడండి, వీలైతే ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేసి అది నిజంగా నడుస్తోందా కనుక్కోండి. గడువు అయిపోయిన జిరాక్సు కాపీలు చాలా తిరుగుతుంటాయి. అలాగే రోజూ మీరు చెప్పిన టైముకు వచ్చి, మీ పనిముట్లతో, మీరు చెప్పినట్టు పనిచేసే మనిషితో ‘స్వతంత్ర కాంట్రాక్టర్’ అని కాగితం మీద సంతకం పెట్టించుకుంటే అతను కాంట్రాక్టర్ అయిపోడు. పని ఎలా జరుగుతోందో చూస్తారు, కాగితం పై పేరు కాదు.

పని సమయంలో, పని కారణంగా జరిగిన ప్రమాదానికే కదా ఇదంతా, మరి ఇంటి నుంచి వస్తూ పోతూ జరిగితే? జర్మనీలో ఆ ప్రయాణం కూడా బీమా కిందికే వస్తుంది. చాలాచోట్ల మామూలుగా రాదు, దానికి బోలెడన్ని మినహాయింపులు. చిన్న ఓనర్లు గమనించాల్సిన మినహాయింపు ఒకటుంది. “వెళ్తూ వెళ్తూ ఈ చెక్కు బ్యాంకులో వేసేసి వెళ్లు నాన్నా” అన్నారనుకోండి, ఆ దారి ఇక ఇంటి దారి కాకుండా మీ పని దారి అయిపోవచ్చు. పెద్ద ఆఫీసుల్లో ఇలాంటి పనులకు వేరే మనిషి ఉంటాడు. మన దగ్గర ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లే అన్నీ. లెక్కలు చూసే అబ్బాయి సరుకు దింపుతాడు, సరుకు దింపే అబ్బాయి బండి నడుపుతాడు. పాలసీ రాయించేటప్పుడు ఈ నిజాన్ని ఏజెంట్‌కి దాచకుండా చెప్పాలి, టెన్షన్ ఏమీ లేదు, ఎక్కువలో ఎక్కువ ప్రీమియం కాస్త పెరుగుతుంది.

ప్రమాదం జరిగిన రోజు ఎలాగూ ఎవరికీ కాలూ చెయ్యీ ఆడదు, కాబట్టి చేయాల్సినవి ముందే తెలిసి ఉండాలి. మొదట వైద్యం, అందులో అనుమానం లేదు. ఆసుపత్రిలో మాత్రం పనిలో తగిలిన దెబ్బ అనే చెప్పండి. చాలామంది పోలీసులు వస్తారని, గొడవ అవుతుందని భయపడి “మెట్ల మీద జారి పడ్డాడు” అని రాయిస్తారు, ఆ ఒక్క ముక్క కేస్ షీట్‌లోకి ఎక్కిందంటే తర్వాత క్లెయిమ్ మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. ఏం జరిగిందో, ఎన్నింటికో, పక్కన ఎవరున్నారో అదే రోజు రాసి పెట్టుకోండి, ఆ చోటు ఫోటోలు తీయండి, మెషిన్‌ని బాగుచేయించేలోపే. కంపెనీకి వెంటనే తెలియజేయండి. ఎందుకు ఆలస్యం చేస్తారో కూడా తెలుసు, చిన్న దెబ్బే కదా, తగ్గిపోతుందిలే, క్లెయిమ్ వేస్తే వచ్చే ఏడాది ప్రీమియం పెరుగుతుంది అని. చిన్నదనుకున్న నడుం నొప్పి ఆరు వారాలకు ఆపరేషన్ దాకా వెళ్లాక “అప్పుడెందుకు చెప్పలేదు” అంటే జవాబుండదు. ప్రభుత్వానికి చెప్పాల్సిన గడువులు వేరే ఉంటాయి, అమెరికాలో మరణమైతే 8 గంటల్లోపు, ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా, అవయవం తెగిపోయినా, కన్ను పోయినా 24 గంటల్లోపు తెలియజేయాలి. మీ దగ్గర గడువు ఎంతో కనుక్కుని గోడ మీద అతికించండి.

ప్రీమియం పెరుగుతుందన్న భయం పూర్తిగా అబద్ధం కాదు. కొంత పెద్ద ప్రీమియం కట్టేవాళ్లకు అమెరికాలో గత క్లెయిముల చరిత్రను బట్టి ఒక గుణకం వేస్తారు. 1.00 అంటే మీ తరహా వ్యాపారాల సగటు, దానికంటే తక్కువైతే తగ్గింపు, ఎక్కువైతే వాత. ఇందులో విశేషం ఏమిటంటే, మొత్తం ఖర్చు ఒకటే అయినా ఒక్క పెద్ద ప్రమాదం కంటే పది చిన్న ప్రమాదాలే ఆ అంకెను ఎక్కువ పాడుచేస్తాయి. పెద్దది దురదృష్టం కావచ్చు, పది చిన్నవి మాత్రం ఆ షాపు నడిచే తీరును చెబుతాయన్నది వాళ్ల ఆలోచన, నాకది సబబుగానే అనిపిస్తుంది. చాలా రాష్ట్రాల్లో మనిషి పనికి దూరం కాకుండా వైద్యం ఖర్చుతోనే తేలిపోయిన క్లెయిమ్‌ను ఆ లెక్కలో 70 శాతం తగ్గించి చూస్తారు. అందుకే తెలిసినవాళ్లు దెబ్బ తగిలిన మనిషిని, డాక్టర్ ఒప్పుకున్నంత మేరకు, తేలిక పనికి త్వరగా రప్పించుకుంటారు. ఫోన్లు ఎత్తడం, స్టాకు రాయడం, కొత్త కుర్రాడికి పని నేర్పడం. డబ్బు లెక్క పక్కన పెట్టినా, నెలల తరబడి ఇంట్లో కూర్చున్న మనిషి తిరిగి పనిలోకి రావడం మానసికంగా ఎంత కష్టమో చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కానీ కుంటుతున్న మనిషిని మళ్లీ బస్తాలు మోయమనడానికి దీన్ని సాకుగా వాడేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్ల కోసం నేనిది రాయడం లేదు.

చివరగా ఓనర్ సంగతి. చిన్నచోట అందరికంటే ఎక్కువ గంటలు పనిచేసేది, మెషిన్ ఆగితే మొదట చెయ్యి పెట్టేది ఆయనే. సొంత పేరు మీద వ్యాపారం నడిపేవాళ్లను చాలా చట్టాలు ‘ఉద్యోగి’గా లెక్కలోకి తీసుకోవు, భాగస్వాములనూ అంతే. అంటే మీ పాలసీలో మీ పనివాళ్లందరూ ఉంటారు, మీరు ఉండరు. న్యూజిలాండ్‌లో 1974 నుంచి నడుస్తున్న పద్ధతిలో అయితే ఉద్యోగి, ఓనర్, ఇంట్లో ఉండేవాళ్లు అన్న తేడా లేకుండా ప్రమాదం జరిగిన ప్రతివాళ్లకూ రక్షణ ఉంటుంది, కానీ అలాంటి దేశాలు అరుదు. కొన్నిచోట్ల అదనంగా కట్టి మీ పేరు చేర్పించుకోవచ్చు, అది కుదరని చోట వ్యక్తిగత ప్రమాద పాలసీ ఒకటి విడిగా తీసుకోవాలి. నాకు హెల్త్ ఇన్సూరెన్స్ ఉందిగా అనేముందు ఆ పాలసీలో మినహాయింపుల పేజీ తీసి, పనిలో తగిలిన గాయాలకు వర్తించదని ఎక్కడైనా ఉందేమో చూడండి. కొన్నింటిలో ఉంటుంది. ఉంటే ఏజెంట్ నోటిమాటగా “అదేం కాదు సార్, వచ్చేస్తుంది” అంటే సరిపోదు, ఆ మాటే మెయిల్‌లో రాసి పంపమనండి.